డబ్బాలో సన్నబియ్యం

పోయిన వారం మా సంఘం స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో ఒక ఫారం వచ్చింది. ఈ క్రిస్మస్‌కు ఎవరు ఏ ఇంటికి ఏమివ్వదలచుకున్నారో ముందే నింపి పంపాలట. ఏటా ఒకే ఇంటికి నాలుగు దుప్పట్లు పోతున్నాయి, పక్కింటికి ఒక్కటీ అందడం లేదు, అందుకని ఈ ఏర్పాటు. ఆలోచన మంచిదే. ఫారం అడుగున ఇంకో గడి కూడా ఉంది, ఇచ్చేటప్పుడు తీసిన ఫోటో జతచేయాలని. మొయినాబాద్‌లో మా ఇంటి వరండాలో ఎండ పడేచోట కుర్చీ వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఫారాలు నింపడం నాకు కొత్త కాదు. టీచరు ఉద్యోగంలో పాఠాలు చెప్పినదానికంటే ఫారాలు నింపిందే ఎక్కువ. అయినా మొదటి గడి దగ్గరే వేలు ఆగిపోయింది, టీ చల్లారిపోయింది. నా జాబితాలో మొదటి పేరు పన్నెండేళ్ళుగా ఒక్కరిదే, ఎంకపల్లిలో ఉండే ఒక అవ్వది. ఆ ఇంటి డబ్బాలో బియ్యం పోస్తున్నది నేనేనా అన్నది మాత్రం పోయిన ఏడాది నుంచి నాకే తెలియకుండా పోయింది.

ఇదంతా మా మేనత్త పెట్టిన పని. మా నాన్న అక్క ఆమె. ముప్పై ఏళ్ళు సర్కారు దవాఖానలో నర్సుగా చేసి, పెళ్ళి మాటెత్తిన ప్రతివాళ్ళనూ నవ్వి పంపించి, ఎంకపల్లిలో రెండు గదుల ఇల్లు కట్టుకుని స్థిరపడింది. పొట్టి మనిషి, మగపిల్లాడిలా కత్తిరించిన తెల్లజుట్టు, ఎదుటివాళ్ళ నాలుక చూసి రోగం చెప్పినట్టే మొహం చూసి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో చెప్పేది. మా సంఘాలలో పిడికెడు బియ్యం అని ఒక ఆనవాయితీ ఉంది. అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇంటి ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు, నెలకోసారి అది గుడికి, అంటే మా చర్చికి, పోతుంది. అత్త తన కుండను గుడికి పంపేది కాదు. ఏడాదంతా దాచి, అది చాలకపోతే ఇంకా కొని కలిపి, డిసెంబరులో తనే పంచేది. ఈ విషయంలో మా పాస్టరు అయ్యగారికీ ఆమెకూ ఏనాడూ పొసగలేదు. "అయ్యగారూ, మీరు పంచితే మైకుల చెప్తరు, నేను పంచితే దేవునికి గూడ చెప్ప" అని మొహం మీదే అనేసింది. ఆయనకు పిల్లలు పుట్టినప్పుడు పురుడు పోసింది ఆమే కాబట్టి ఆయన ఏమీ అనలేకపోయాడు.

ఆమె పంచే పద్ధతి మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు. నవంబరులో ఇగం పట్టి చలి మొదలవగానే ప్రణాళిక మొదలయ్యేది. పాలకు వెళ్ళే నెపంతో ఊరంతా ఒక చుట్టు చుట్టి, ఏ ఇంట్లో ఎవరు పని మానేశారు, ఎవరి ఆవిడ కడుపుతో ఉంది, ఎవరు పొద్దున టీతో సరిపెడుతున్నారు అన్నీ పట్టేసేది. తరవాత ఇంకో పరిశోధన, ఏ ఇంట్లో ఏ బియ్యం తింటారన్నది. రేషను దొడ్డుబియ్యం తినే ఇంటికి దొడ్డుబియ్యమే, సన్నబియ్యం తినే ఇంటికి సన్నబియ్యమే. ఎందుకంటే ఆమె సంచి తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టేది కాదు. క్రిస్మస్‌కు ముందు ఆదివారం ఊరు సగం గుడిలో ఉన్న సమయంలో ఆ ఇంట్లోకి వెళ్ళి, వాళ్ళ బియ్యం డబ్బా మూత తీసి, అందులోనే పోసి, చేత్తో కలిపి, మూత పెట్టి వచ్చేది. తాళాలు వేసే ఇళ్ళు కొన్నే, ఆ తాళంచెవులు ఏ కుండ కింద ఉంటాయో కాన్పులు చేసిన మనిషికి తెలియకపోదు. "సంచి పెడ్తె వాడకట్టంత చూస్తది. డబ్బల పోస్తె అవి వాళ్ళ బియ్యమే. ఈ నెల జర ఎక్కువ దినాలు ఎల్లినయి అనుకుంటరు, అంతే" అనేది. గుడికి రాని హిందువుల ఇళ్ళకు వాళ్ళు పూలతోటల్లో పనికి పోయిన వేళ చూసుకుని వెళ్ళేది. ఏటా ఆ ఆదివారం ఆమెకు బీపీ పెరిగేది, అంటే పెరిగిందని కబురు పంపేది. ఎవరి వంటింట్లోనో ఆమె బియ్యం కలుపుతుంటే, మైకులో అయ్యగారు ఆమె బీపీ తగ్గాలని ప్రార్థన చేస్తుండేవారు. అత్త చెయ్యి ఆపకుండానే ఆమెన్ అనేది.

పన్నెండేళ్ళ కిందట ఆమె కళ్ళకు పొర కమ్మింది. ఆపరేషను చేయించుకోమంటే పండుగ పోనీ అంది. అప్పుడే నన్ను తోడు పిలిచింది. నాకప్పుడు నలభై నాలుగు, దొంగతనంగా ఇళ్ళలో దూరే వయసు దాటిపోయిందని అనుకున్నాను. కానీ ఆమె మాట కాదనడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. మొయినాబాద్ నుంచి ఆటోలో రెండు సంచులు తెచ్చాను, ఒకదాంట్లో దొడ్డువి, ఒకదాంట్లో సన్నవి. చూడటానికి రెండూ ఒకే రంగు సంచులు. అత్త గుమ్మంలో నిలబడి మైకు వింటూ కాపలా కాసింది, నేను లోపలికి వెళ్ళాను. ఖాళీ ఊళ్ళో, పరాయి ఇంట్లో, పట్టపగలు, పాట ఒక్కటే దూరం నుంచి వినబడుతుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. గోడకున్న గడియారం కూడా నన్ను చూసి గొంతు తగ్గించినట్టనిపించింది. ఆ కంగారులో అవ్వ ఇంటి డబ్బాలో దొడ్డుబియ్యం మీద సన్నబియ్యం పోసేశాను. పోశాక తెలిసింది. పాటలు అయిపోతున్నాయి, తిరిగి ఏరడం కుదిరే పని కాదు, కలపడం కూడా మరిచి మూతపెట్టి బయటపడ్డాను. మిగిలిన దొడ్డుబియ్యం ఇంకో ఇంటికి పోయాయి. ఆ ఇంటాయన అవి చూసి షాపువాడు మోసం చేశాడని మొయినాబాద్ దాకా వెళ్ళి కొట్లాడి, పాపం ఆ షాపువాడి దగ్గర సన్నబియ్యం మళ్ళీ తెచ్చుకున్నాడట. అది విని అత్తా నేనూ పడీపడీ నవ్వాం. అవ్వ సంగతి తెలిశాక నవ్వు ఆగిపోయింది.

అవ్వకు ఒక్కతే కూతురు. తండ్రి లేడు. ఇరవై ఏళ్ళ పిల్ల, గులాబీలు పెంచే షెడ్లలో కూలికి పోయేది. ఆ ఏడాది వానాకాలంలో కామెర్లు వచ్చి, నాటుమందు తిని, ఆలస్యంగా దవాఖానకు తీసుకుపోతే దక్కలేదు. ఆ పిల్లను నేను ఒకటి రెండుసార్లు చూశాను, నడుం దాటిన జడ ఒక్కటే గుర్తు. గోడ మీద ఆమె ఫోటో కూడా పూలతోట వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డులోదే, పెద్దది చేయించి పెట్టారు. ఎవరో పేరుపెట్టి పిలిస్తే తల తిప్పినట్టుండే మొహం.

క్రిస్మస్ నాడు ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరికి జ్వరం తగ్గింది చెప్తున్నారు. అవ్వ లేచి నిలబడింది. ఎప్పుడూ నోరు తెరవని మనిషి. "నా బిడ్డ వచ్చిపోయింది" అంది. "పాణం పోయెటప్పుడు నాకు మాటిచ్చింది. అమ్మా, పండుగ నాటికి నా కూలి పైసలతోని నీకు సన్నబియ్యం తెస్త, దొడ్డుబువ్వ తినకు అన్నది. మేమిద్దరమే ఉన్నం అప్పుడు. ఇంకెవ్వరికి ఎరుక లేదు. మొన్న గుడికెంచి ఇంటికి పోయి మూత తీస్తె, నా దొడ్డుబియ్యం మీద తెల్లగ సన్నబియ్యం ఉన్నయి. తెచ్చింది నా బిడ్డ." అంతే చెప్పి కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అయ్యగారు గొంతు సవరించుకుని, చనిపోయినవాళ్ళు తిరిగి రారని వాక్యం ఏమంటుందో మెల్లగా వివరించబోయారు, మధ్యలో ఆయన కూడా ఆపేసి పాట ఎత్తుకున్నారు. పొరబాటున ఒక సంచికి బదులు ఇంకో సంచి పట్టుకున్నది నా చెయ్యి. ఆ మాట సంగతి ఆ చేతికి ఎలా తెలిసిందన్నది ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

ఇంటికి వచ్చాక చెప్పేద్దామన్నాను. "ఆ బిడ్డ పోయిన దినం నేను ఆడనే ఉన్న" అంది అత్త. "తల్లి ఏడ్వలేదు. బండ లెక్క కూసున్నది. ఇయ్యాల గుడిల ఏడ్సింది, చూసినవా? ఇప్పుడు మనం పోయి అవి మా బియ్యం అంటె, ఆమెకు బిడ్డ ఇంకోసారి సస్తది. సప్పుడు చెయ్యకు." నాకు అబద్ధమంటే భయం, అత్తకు అబద్ధమంటే వైద్యం. చివరికి మేమిద్దరం ఒకే మాట అనుకున్నాం. ఇక అవ్వకు ఏటా సన్నబియ్యమే, ఒక్క ఏడాది కూడా తప్పకూడదు, ఎప్పటికీ తెలియకూడదు. మేం మానేసిన రోజు ఆ పిల్ల రావడం మానేస్తుంది. ఆ బరువు అర్థమయ్యే నేను తల ఊపాననుకుంటాను, కానీ పూర్తిగా అర్థమైంది మరుసటి ఏడాది.

మరుసటి డిసెంబరు అదే ఆదివారం గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళాను, అత్త నా భుజం పట్టుకుని వెనక వచ్చింది. నేల అలికి ముగ్గు పెట్టి ఉంది. డబ్బా పక్కన పీట, పీట ముందు పళ్లెం, పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే సన్నబియ్యం అన్నం, కోడికూర, ఒక ఉల్లిగడ్డ చీలిక. గ్లాసులో నీళ్ళు. గోడకు అద్దం, కింద కొబ్బరినూనె సీసా, దువ్వెన, చామంతి మూర. కూతురి కోసం పెట్టుకుంది. నేను వెనక్కి వచ్చేయబోయాను. అత్త కళ్ళకు అప్పటికి ఆపరేషను అయింది, అన్నీ చూసింది, చూసి పీట మీద కూర్చుంది. "తినకుంటె ఎట్ల? రాలేదనుకుంటది" అంది. చనిపోయిన పిల్ల కోసం వడ్డించిన అన్నాన్ని మా అత్త నిదానంగా, పద్ధతిగా తింది, అలవాటు ప్రకారం కూరలోని పచ్చిమిరపకాయ తీసి పళ్లెం అంచున పెట్టింది. సగం తిని నాకు జరిపింది. అన్నం వేడిగా ఉంది. అవ్వ గుడికి వెళ్ళి అప్పటికి గంటన్నర అయింది. ఆ వేడి సంగతి నేను అత్తతో అనలేదు, అత్త నాతో అనలేదు.

"నాకు జుట్టు లేదు, నీది పొడుగు. నువ్వు దువ్వుకో" అంది తరవాత. ఒక వెంట్రుక దువ్వెనకు ఉండాలట. అద్దం ముందు నిలబడి నూనె రాసుకుని దువ్వుకున్నాను. అద్దంలో నా వెనక వాకిలి, వాకిట్లో ఎండ, ఎండలో ఎవరూ లేరు. ఆ ఎవరూ లేకపోవడాన్ని నేను అంత జాగ్రత్తగా ఎప్పుడూ చూడలేదు. పూలు సగం తుంచి పెట్టుకున్నాను, సగం వదిలేశాను. ఆ క్రిస్మస్‌కు గుళ్ళో అవ్వ నా పక్క నుంచి వెళ్తుంటే ఆమె కొంగు చివర ముడిలో ఏదో పొట్లం కట్టుకుని ఉంది. అది నా వెంట్రుకే అయ్యుంటుందనుకుంటే ఒళ్ళు జలదరించింది. సంతోషం కూడా కలిగింది, అదెందుకో అడగొద్దు.

ఆ తరవాత రెండేళ్ళకు అత్త వెళ్ళిపోయింది. నిద్రలో, ఎవరినీ కష్టపెట్టకుండా, డిసెంబరు జాబితా అక్టోబరులోనే పూర్తిచేసి. మిగతా ఇళ్ళు నేను మెల్లమెల్లగా మామూలు పద్ధతిలోకి మార్చేశాను, నాకు ఆమెకున్నంత ధైర్యం లేదు, పైగా అందరూ తాళాలు వేయడం మొదలుపెట్టారు. ఊరి చుట్టూ ఫాంహౌసుల గోడలు లేచాయి, మోకిల వైపు నుంచి కార్లలో వచ్చి గిఫ్టు సంచులు పంచి ఫోటోలు తీసుకునేవాళ్ళు వచ్చారు. అవ్వ ఇల్లు మాత్రం మారలేదు, ఆ తలుపుకు తాళం పడలేదు. నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. ఒంటరిగా ఆ పీట మీద కూర్చుని తింటుంటే మాట్లాడకుండా ఉండటం కష్టమయ్యేది. మొదట్లో ప్రార్థన చేసుకునేదాన్ని. తరవాత్తరవాత ఆ పిల్లతోనే మాట్లాడటం మొదలైంది. మీ అమ్మకు మోకాళ్ళు నొప్పులట, దుప్పటి కావాలా, మందులు తేనా అని అడిగేదాన్ని. జవాబు రాదు కదా. కానీ అడిగాక ఇల్లు వింటున్నట్టు ఉండేది, పిట్టల చప్పుడు కూడా ఆగేది. ఏం ఇవ్వాలో నాకు అప్పుడే తోచేది, అది ఎప్పుడూ సరిగ్గా అవసరమైనదే అయ్యేది. ఒక ఏడాది ఊరికే కర్ర ఒకటి కొని మూలన పెట్టాలనిపించి పెట్టాను. సంక్రాంతి దాటకముందే అవ్వ జారిపడింది, ఆ కర్రతోనే లేచి నడిచింది.

ఐదేళ్ళ కిందట క్రిస్మస్ ఆరాధన అయ్యాక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "టీచరమ్మా, నా బిడ్డకు తల నెరుస్తున్నది" అంది. "దువ్వెనకు తెల్ల ఎంటిక. ఆడ గూడ వయసు పెరుగుతదా, నువ్వు సదువుకున్నవు, చెప్పు." నా నిర్లక్ష్యంతో ఒక పిల్లను ముసలిదాన్ని చేసినట్టయింది. ఆ మరుసటి ఏడాది నుంచి డిసెంబరు రాగానే తలకు రంగు వేసుకోవడం మొదలుపెట్టాను. మిగతా పదకొండు నెలలు నెరిసిన తలతో తిరిగే మనిషి పండుగ ముందు నల్లబడితే ఊరుకుంటారా? మా మరదలు "వదినకు పెళ్ళి చూపులేమో" అని ఏటా ఆటపట్టించేది. స్కూల్లో పిల్లలు కూడా క్రిస్మస్ దగ్గరికి వచ్చిందో లేదో నా తల చూసి చెప్పేవాళ్ళు.

పోయిన ఏడాది నవంబరులో నా మోకాలికి ఆపరేషను అయింది. మెహదీపట్నంలో మా చెల్లెలి ఇంట్లో మంచం మీద ఉన్నాను. ఆ ఆదివారం పొద్దున నుంచీ గడియారమే చూశాను. ఎవరినైనా పంపుదామంటే ఎవరికీ తెలియదు, తెలియకూడదనే కదా ఇన్నేళ్ళు మోసింది. చెల్లెలికి చెప్పబోయి నోరు మూసుకున్నాను, ఆమెకు చెప్తే సాయంత్రానికి మా బంధువులందరికీ తెలిసిపోతుంది. పదిన్నరకు పాటలు మొదలై ఉంటాయి, పదకొండున్నరకు వాక్యం, పన్నెండున్నరకు అవ్వ ఇంటికి వెళ్ళి మూత తీస్తుంది. అడుగున దొడ్డుబియ్యం, పైన ఏమీ ఉండదు. పళ్లెంలో అన్నం అలాగే ఉంటుంది. నేను దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. మోకాలు నొప్పనుకుని చెల్లెలు మాత్ర ఇచ్చింది.

క్రిస్మస్ నాడు పట్టుబట్టి కారు మాట్లాడించుకుని గుడికి వచ్చాను. అవ్వకు ఏదో ఒకటి చెప్పాలి, ఏం చెప్పాలో దారంతా తోచలేదు. కర్ర పట్టుకుని దిగుతుంటే ఆమే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "వచ్చిపోయింది టీచరమ్మా" అంది. కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తెరిచింది. "ఈసారి సూడు, ఎంత నల్లగున్నదో." అందులో ఒకే ఒక్క వెంట్రుక, చుట్ట చుట్టి ఉంది. నా వేలికి కట్టి పొడుగ్గా లాగింది, మోచెయ్యి దాటింది. రంగు వేసిన నలుపు నాకు తెలుసు, మూడేళ్ళు వేసుకున్నదాన్ని. ఇది అది కాదు. అన్నం తిన్నదా అని మాత్రం అడగగలిగాను. "అడుగంట తిన్నది. బియ్యం గూడ తెచ్చింది" అంది. ఆ తరవాత నెలల తరబడి ఊళ్ళోవాళ్ళ నోటి నుంచి కూపీ లాగాలని చూశాను. పూలతోటలో పనిచేసే ఆడపిల్లల్ని కూడా మాటల్లో పెట్టాను. ఎవరికీ ఏమీ తెలియదు, ఎవరూ అంత పొడుగు జుట్టు వాళ్ళు కాదు.

అందుకే ఈసారి ఫారం ముందు వేలు ఆగిపోయింది. నేను వెళ్తే అక్కడ ఎవరినైనా చూస్తానేమోనని భయం. వెళ్ళకపోతే, పోయిన ఏడాది వచ్చినవాళ్ళు ఈసారి రాకపోతే, అవ్వకు కూతురు పోతుంది. ఈ రెండో భయమే పెద్దది. ఫారం అలాగే వదిలేసి, నిన్న ఆదివారం సన్నబియ్యం సంచి పట్టుకుని ఆటో ఎక్కాను. గుళ్ళో పాట మొదలయ్యాకే ఊళ్ళో దిగాను. గొళ్ళెం మీద చెయ్యి వేయబోయి చూస్తే తలుపు తీసే ఉంది, లోపల మంచం మీద అవ్వ కూర్చుని ఉంది. ఈమధ్య కాళ్ళు రాక గుడికి పోవడం మానేసిందని నాకెవరూ చెప్పలేదు. సంచి వెనక్కి దాచుకున్నాను. యాభై ఆరేళ్ళ టీచరుని, దొరికిపోయిన దొంగలా నిలబడ్డాను. పన్నెండేళ్ళు కాపాడింది ఒక్క క్షణంలో పోయిందనుకున్నాను.

"నిలవడ్డవేంది టీచరమ్మా, రా" అంది అవ్వ. "ఆ సంచి ఆడ్నే పెట్టు. డబ్బల జాగ లేదు. పొద్దుగాల్నే వచ్చి పోసిపోయింది."

దాచిన సంచి తెచ్చి గోడ పక్కన పెట్టాను. "ఎప్పటినుంచి తెలుసు అవ్వా, నేనని?" అని అడిగాను.

ఆమె నవ్వింది. ఒక్క పన్ను ఉంది పైన. "నువ్వొచ్చేది మొదటిసందే ఎరుక. మా బిడ్డ మిరపకాయ మిగిలియ్యదు, కొరుక్కొని తింటది. పళ్లెం అంచుకు మిరపకాయ పెట్టేది నర్సమ్మ ఒక్కతే, ఊరంత ఎరుకే. తరువాత నీ తల నెరిసిందని నేను జెప్తె రంగేసుకుంటివి. నాకు నవ్వాగలె."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు అంత దొంగసాటుగ వచ్చి పెడుతుంటె, చెప్పి మీ మనసెందుకు ఇరగ్గొట్టాలె?" అంది, నేను పిల్లదాన్నయినట్టు. నేను ఆమెను కాపాడుతున్నాననుకున్న ఇన్నేళ్ళూ ఆమె నన్ను కాపాడుతూ వచ్చింది. సిగ్గు, నవ్వు, ఏడుపు మూడూ ఒకేసారి వచ్చాయి. అయితే నీ కూతురు వచ్చిందని గుళ్ళో చెప్పిన సాక్ష్యం సంగతేమిటని అడిగాను. ఆమె మొహంలో నవ్వు పోయింది. కోపం రాలేదు, అడగకూడనిది పసివాళ్ళు అడిగితే చూసినట్టు చూసింది. "మీరు గూడ వస్తరు, ఆమె గూడ వస్తది. మీరొచ్చేది మీ మంచితనం. ఆమె వచ్చేది ఆమె ఇచ్చిన మాట. మీరు పోసినంక మళ్ళ ఇంత పోస్తది, మీరు తిన్న పళ్లెంల మళ్ళ ఇంత తింటది. మీరున్నప్పుడు లోపలికి రాదు. ఆడ నిలవడ్తది." గుమ్మం అవతల ఎండ పడుతున్న వాకిలి చూపించింది. ఏటా నేను అద్దంలో చూస్తూ వచ్చిన వాకిలి.

నేను వెనక్కి తిరగలేదు. ముందుకు నడిచి డబ్బా మూత తీశాను. అంచు దాకా సన్నబియ్యం, కొత్తవి, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నాయి. ఇంట్లో ఎక్కడా షాపు సంచి లేదు, చెత్తబుట్టలో కూడా లేదు, సిగ్గులేకుండా అది కూడా చూశాను. మూల తూము దగ్గర ఒక ఎంగిలి పళ్లెం ఉంది, ఇంకా తడి ఆరలేదు, అందులో మిరపకాయ తొడిమె ఒక్కటే మిగిలింది. పీట ముందు ఇంకో పళ్లెం బోర్లించి ఉంది. "అది నీదే. ఆమె తిన్నది, నువ్వు తిను" అంది అవ్వ. కూర్చుని తిన్నాను. వేడిగానే ఉంది. ఈసారి నేను ఎవరితోనూ మాట్లాడలేదు, అవసరం అనిపించలేదు.

లేస్తుంటే అవ్వ నా సంచి వైపు చెయ్యి చూపించింది. "ఎనక గల్లీల ఫాంహౌసు కట్టే కూలోళ్ళు దిగిండ్రు, ఏ దేశపోళ్ళో. బాలింత ఉన్నది. సన్నబియ్యమే తింటరు, నేను చూసిన. తలుపుకు తాళమెయ్యరు. ఇప్పుడు పనిమీదికి పోయిండ్రు, బాలింతను గూడ తోల్కపోయిండ్రు. పోయి పోసి రా. పైలం, కలుపు మంచిగ. ఈసారన్న కలుపు." అత్త మాట్లాడినట్టే ఉంది. చెప్పిన ఇల్లు రేకులది, తలుపుకు తాడు కట్టి ఉంది. లోపల బియ్యం పోసుకునే పాత పెయింటు డబ్బాలో అడుగున రెండు గుప్పిళ్ళు ఉన్నాయి. పోశాను, చేత్తో బాగా కలిపాను, మూత పెట్టాను. బయటికి వచ్చి రెండు అడుగులు వేశాక వెనక రేకు తలుపు మెల్లగా కదిలిన చప్పుడైంది. గాలి లేదు. ఆగాను, కానీ చూడలేదు. భయం వేయలేదని అబద్ధం చెప్పను. అయినా పనికి తోడు వచ్చినవాళ్ళను అనుమానంగా చూడటం మర్యాద కాదనిపించి నా దారిన నడిచాను.

ఆ పిల్ల ఇచ్చిన మాట వయసు ఇరవై, ఇప్పటికీ ఇరవయ్యే. దాన్ని నిలబెడుతున్నది నేనేననుకుంటూ, ఆ పిల్లకు రావలసిన పన్నెండేళ్ళూ నా మీద వేసుకుని నేనే ముసలిదాన్నయ్యాను.